కనురెప్పల అరుదైన క్యాన్సర్లు: చెన్నైలో చూపించుకునే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఎక్కువ భాగం సెబేషియస్ గ్లాండ్ కార్సినోమా, అంటే రెప్పలోని నూనె గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్, గురించే. ప్రపంచ లెక్కల్లో అది అరుదైన జబ్బు, మన దేశపు కంటి ఆస్పత్రుల్లో మాత్రం అంత అరుదు కాదు. మెర్కెల్ సెల్ కార్సినోమా, మెలనోమా వంటివి అవసరమైన చోట వస్తాయి.

మా అమ్మకి రెప్ప మీద గడ్డ రెండుసార్లు కోసి తీశారు, మళ్లీ అదే చోట వచ్చింది. క్యాన్సర్ అనుకోవాలా?

ఖాయంగా క్యాన్సరే అనుకోనక్కర్లేదు. కానీ ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, లేకుండా మూడోసారి కోయించకూడదు. నిజానికి రెండోసారి తీసిందే ల్యాబ్‌కి వెళ్లి ఉండాల్సింది. మామూలు గడ్డ, అంటే చలాజియాన్, రెప్పలోని నూనె గ్రంథి మూసుకుపోయి వస్తుంది. వేడి కాపడం పెడితేనో, కోసి గీకితేనో పోతుంది. మళ్లీ వచ్చినా తరచుగా వేరే చోట వస్తుంది. నలభై, యాభై దాటిన మనిషికి పదే పదే ఒకే చోట లేస్తుంటే అనుమానించాలి.

గమనించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గడ్డ ఉన్న చోట రెప్పవెంట్రుకలు రాలిపోవడం. రెప్ప అంచు పదును పోయి మందంగా, మొద్దుగా అవడం. చర్మం కింద పసుపు రంగు ఛాయ. నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా పెరగడం. మరో రూపంలో గడ్డే ఉండదు: ఒక్క కన్ను మాత్రమే నెలల కొద్దీ ఎర్రగా, పుసులు కడుతూ ఉంటుంది, చుక్కలు ఎన్ని మార్చినా తగ్గదు. అలర్జీ అయినా, రెప్పల వాపు అయినా సాధారణంగా రెండు కళ్లకీ వస్తుంది. ఒక్క కంటికే వచ్చి మూడు నెలలు దాటిందంటే చుక్కల సీసా మార్చడం ఆపి ముక్క పరీక్ష మాట ఎత్తాలి.

కనురెప్పకి ఏయే క్యాన్సర్లు వస్తాయి?

పాశ్చాత్య దేశాల్లో రెప్ప క్యాన్సర్లలో 80 నుంచి 90 శాతం బేసల్ సెల్ కార్సినోమాయే. అది ఎక్కువగా కింది రెప్పకి వస్తుంది, నెమ్మదిగా పెరుగుతుంది, దూర అవయవాలకి పాకడం చాలా అరుదు. మనవాళ్లలో అది తరచుగా నల్లటి రంగుతో ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుంటారు. మన ఆస్పత్రుల లెక్కల్లో మూడో వంతు నుంచి సగం దాకా సెబేషియస్ కార్సినోమాయే కనిపిస్తుంది. దీని పుట్టుక రెప్ప పలకలో ఉండే మైబోమియన్ నూనె గ్రంథుల్లో, వెంట్రుకల కుదుళ్ల దగ్గరి జైస్ గ్రంథుల్లో, లేదా ముక్కు వైపు కంటి మూలనున్న ఎర్రటి కండలో. పై రెప్పలో మైబోమియన్ గ్రంథులు ఎక్కువ, అందుకే జబ్బు కూడా పై రెప్పకే రెండు మూడు రెట్లు ఎక్కువ.

మిగతావి స్క్వేమస్ సెల్ కార్సినోమా, మెలనోమా, మెర్కెల్ సెల్, చెమట గ్రంథుల నుంచి వచ్చే మ్యూసినస్ కార్సినోమా, మైక్రోసిస్టిక్ అడ్నెక్సల్ కార్సినోమా. చివరి రెండూ ఏళ్ల తరబడి అమాయకంగా కనిపిస్తాయి. రొమ్ము, జీర్ణకోశ క్యాన్సర్లు రెప్పకి పాకినా మైక్రోస్కోప్ కింద మ్యూసినస్ రకంలాగే ఉండొచ్చు. అందుకే ఆ రిపోర్టు వస్తే ఒళ్లంతా ఒకసారి చూడాల్సి వస్తుంది.

ఎండకి వస్తుందా? వంశంలో వస్తుందా?

బేసల్, స్క్వేమస్ రకాలకి ఎండ పాత్ర గట్టిగా ఉంది. సెబేషియస్‌కి అంత స్పష్టంగా లేదు. చిన్నప్పుడు రెటినోబ్లాస్టోమాకి, అంటే పిల్లల కంటి క్యాన్సర్‌కి, కంటి దగ్గర కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్లకీ, కిడ్నీ మార్పిడి వంటివాటి కోసం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకీ రిస్కు ఎక్కువ.

మ్యూర్-టోర్ సిండ్రోమ్ అని వంశపారంపర్యమైనది ఒకటి ఉంది. డీఎన్ఏ తప్పుల్ని సరిచేసే ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1 వంటి జన్యువులు చెడిపోతాయి. ఆ కుటుంబాల్లో పెద్దపేగు, గర్భసంచి, మూత్రనాళాల క్యాన్సర్లు చిన్న వయసులోనే కనిపిస్తాయి. కనురెప్ప మీది సెబేషియస్ క్యాన్సర్ ఉన్న ప్రతివాళ్లకీ ఇది ఉండదు. కానీ మేనత్తకి గర్భసంచి క్యాన్సర్, బాబాయికి యాభై లోపే పేగు క్యాన్సర్ లాంటివి ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పండి. ల్యాబ్‌లో ముక్కని మైనంలో పొదిగి ఉంచిన బ్లాకు మీదే నాలుగు ప్రొటీన్లకి రంగు పరీక్ష చేయిస్తారు, తేడా ఉంటే జన్యు పరీక్ష, కొలనోస్కోపీ.

మొదటిసారి వెళ్తే డాక్టర్ ఏం చూస్తారు?

స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి రెప్ప అంచుని చూస్తారు. మామూలు అంచు మీద మైబోమియన్ గ్రంథుల నోళ్లు వరుసగా చుక్కల్లా కనిపిస్తాయి. క్యాన్సర్ ఉన్న చోట ఆ వరుస చెరిగిపోతుంది, సన్నటి రక్తనాళాలు అంచు మీదుగా అడ్డంగా పాకి ఉంటాయి. తర్వాత పై రెప్పని తిప్పి చూస్తారు. ఒకసారి తిప్పితే చాలదు, లోపలి మడత దాకా కనిపించేలా రెండోసారి కూడా తిప్పాలి. గడ్డ బయట బఠాణీగింజంతే ఉన్నా, లోపలి వైపు పొర వెల్వెట్ గుడ్డలా ఎర్రగా, గరుగ్గా మారి ఉండొచ్చు.

గడ్డని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు, ఫొటో తీస్తారు. ఆఖరున చెవి ముందు, దవడ కింద, మెడ పక్కన వేళ్లతో తడిమి లింఫ్ గడ్డలు చూడాలి. రద్దీ ఓపీలో మరిచిపోయేది ఈ ఆఖరి పనే. చెవి ముందు బిళ్ల కట్టినట్టు మీకు తగిలితే మీరే చెప్పండి.

ముక్క తీస్తే క్యాన్సర్ రెచ్చిపోతుందట కదా?

ఈ మాట విని ఆరు నెలలు ఆగి వచ్చేవాళ్లు చాలామంది. ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. ఆలస్యం వల్ల పాకుతుంది. ఆరు నెలలకి మించి ఉన్న గడ్డ, రెండు రెప్పలకీ వ్యాపించిన గడ్డ, కంటి గూట్లోకి దిగిన గడ్డ, ఇవన్నీ ఫలితాన్ని దిగజార్చేవే.

హాని చేసేది వేరే ఉంది. అనుమానం ఉన్న గడ్డని చలాజియాన్‌లా గీకేసి, వచ్చిన పదార్థాన్ని గాజుగుడ్డతో తుడిచి పారేయడం. అలాగే అందులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం: వాపు తగ్గుతుంది, జబ్బు తగ్గిందన్న భ్రమ కలుగుతుంది, మూడు నెలలు పోతాయి.

ముక్క ఎలా తీస్తారు? ఎక్కడ తేడా వస్తుంది?

గడ్డ చుట్టూ లిగ్నోకైన్ మత్తు ఇచ్చి తీస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. మందులషాపు దగ్గర చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రల దగ్గర్నుంచి రక్తం పల్చబడే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ దాకా ఏవి వాడుతున్నా ముందే చెప్పండి. గుండెకి స్టెంట్ వేసుంటే మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, అది కార్డియాలజిస్ట్ తేల్చాలి.

ముక్క లోతుగా రావాలి. ఈ క్యాన్సర్ తరచుగా రెప్పలోని గట్టి పలకలో, అంటే టార్సల్ ప్లేట్‌లో, పుడుతుంది. పైచర్మం గీకి పంపితే 'క్రానిక్ ఇన్‌ఫ్లమేషన్' (దీర్ఘకాలపు వాపు) అని రిపోర్టు వస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కంటికి కనిపించేదానికీ రిపోర్టుకీ పొంతన లేకపోతే ఒక్క రిపోర్టుతో కేసు మూసేయకూడదు, మళ్లీ లోతుగా తీయాలి.

తీసిన ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి, ద్రవం ముక్కకి కనీసం పది రెట్లు ఉండాలి. సెలైన్‌లో వేసి మర్నాటిదాకా ఉంచితే కణాలు పాడై ఏమీ చెప్పలేని స్థితి వస్తుంది. ల్యాబ్ కాగితం మీద 'చలాజియాన్' అని మాత్రమే రాయకుండా 'మళ్లీ మళ్లీ వస్తున్న గడ్డ, సెబేషియస్ కార్సినోమా అనుమానం' అని రాయమనండి. పాథాలజిస్ట్ వెతికే తీరే మారుతుంది.

రిపోర్టులో బేసల్ సెల్ అని ఉంది, ఇంకో డాక్టర్ సెబేషియస్ అంటున్నారు. ఎవరిది నిజం?

బ్లాకు తెప్పించి మళ్లీ చూపించండి. కణాల్లో నురగలాంటి కొవ్వు బుడగలు సెబేషియస్‌కి గుర్తు, కానీ కణాలు బాగా చెదిరిపోయిన రకంలో అవి సరిగ్గా కనిపించవు. అప్పుడు బేసల్ అనో స్క్వేమస్ అనో రాయడం కొత్తేమీ కాదు. కణాల్లోని ప్రొటీన్లకి రంగు వేసి చూసే ఇమ్యునో పరీక్షలు తేలుస్తాయి. అడిపోఫిలిన్ పాజిటివ్ అయితే సెబేషియస్ వైపు మొగ్గు. బెర్-ఈపీ4 గట్టిగా పాజిటివ్ అయితే బేసల్ వైపు. కొవ్వుకి నేరుగా రంగు వేసే ఆయిల్ రెడ్ ఓ పరీక్షకి ఫ్రీజ్ చేసిన ముక్క కావాలి, మామూలు బ్లాకు తయారీలో కొవ్వు కరిగిపోతుంది.

మైనపు బ్లాకూ స్లైడ్లూ ఊళ్లోని ల్యాబ్‌లోనే ఉంటాయి. రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. నెల్లూరు, తిరుపతి నుంచి కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకొచ్చి, బ్లాకు కోసం మళ్లీ వెనక్కి వెళ్లేవాళ్లు ఎక్కువ. బ్లాకుని ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.

మ్యాప్ బయాప్సీ అంటే? ఒకసారి తీశారుగా, మళ్లీ ఎందుకు?

ఈ క్యాన్సర్ గడ్డ ఉన్న చోటితో ఆగదు. కణాలు పైపొరలో చాటుగా పాకుతాయి, మధ్యలో మంచి కణజాలం వదిలి అవతల మళ్లీ కనిపిస్తాయి. దీన్ని పేజిటాయిడ్ వ్యాప్తి అంటారు. పైకి పొర కాస్త ఎర్రగా ఉంటుంది, అంతే. అది ఎంత దూరం పోయిందో కంటితో చెప్పలేం.

కాబట్టి తెల్లగుడ్డు మీద, రెండు రెప్పల లోపలి వైపు, మడతల్లో, నల్లగుడ్డు అంచు చుట్టూ ముందే అనుకున్న చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు, పది నుంచి పదిహేను దాకా, తీస్తారు. ఒక్కో ముక్క రెండు మిల్లీమీటర్లుంటే ఎక్కువ. ఒక్కోదాన్ని వడపోత కాగితం మీద పరిచి వేరే సీసాలో వేస్తారు, సీసా మీద నంబరు, కంటి బొమ్మ మీద అదే నంబరు. రెండు సీసాల నంబర్లు తారుమారైతే మంచి చోట కోసి చెడ్డ చోట వదిలేసినట్టే, అందుకే ఆపరేషన్ థియేటర్లో ఒకరు నంబరు చదువుతుంటే ఇంకొకరు బొమ్మ మీద రాస్తారు.

ఏ స్కాన్లు అవసరం? పెట్ స్కాన్ తప్పదా?

అందరికీ తప్పదనేం లేదు. పది మిల్లీమీటర్ల లోపు చిన్న గడ్డకి మెడ అల్ట్రాసౌండ్, ఛాతీ పరీక్ష, శ్రద్ధగా తడిమి చూడడం తరచుగా సరిపోతాయి. రెప్ప కదలడం లేదన్నా, కన్ను ముందుకి తోసుకొచ్చినా కంటి గూటికి సీటీ లేదా ఎంఆర్ఐ. పెద్ద గడ్డ, లింఫ్ గడ్డ తగిలిన కేసు, తిరగబెట్టిన జబ్బు అయితే పెట్-సీటీ. లింఫ్ గడ్డ తగిలితే సూది పరీక్ష చేస్తారు.

స్టేజి ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజీలు నిర్ణయించే అమెరికా కమిటీ) ఎనిమిదో ఎడిషన్ ప్రకారం రాస్తారు. 10 మిల్లీమీటర్ల దాకా టీ1, 20 దాకా టీ2, 30 దాకా టీ3, పక్క భాగాల్లోకి దిగితే టీ4. పక్కన 'ఏ' ఉంటే పలకా అంచూ బాగున్నట్టు, 'బి' ఉంటే వాటిలోకి వచ్చినట్టు, 'సి' ఉంటే రెప్ప మందమంతా పట్టినట్టు. గడ్డ పెద్దదైనా, లోతుగా దిగినా సెంటినల్ లింఫ్ గడ్డ పరీక్ష, అంటే జబ్బు మొదట చేరే లింఫ్ గడ్డని తీసి చూడడం, గురించి అడగండి. మెర్కెల్‌కీ మెలనోమాకీ ఈ పట్టిక వర్తించదు, వాటి స్టేజీలు వేరు.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

కనిపించే గడ్డ చుట్టూ 4 నుంచి 5 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా రెప్ప మందమంతా కోసి తీస్తారు. తీసిన ముక్క అంచుల్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. అంచు శుభ్రంగా ఉందని తేలాకే రెప్పని తిరిగి కట్టాలి.

ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. ముక్కని గడ్డకట్టించి ఆపరేషన్ మధ్యలోనే చూసే ఫ్రోజెన్ సెక్షన్ వేగంగా అవుతుంది, అయితే పైపొరలో చాటుగా ఉన్న కణాలు అందులో తప్పిపోవచ్చు. అనుమానం ఉన్న కేసుల్లో గాయానికి కట్టుకట్టి, పక్కా బ్లాకు రిపోర్టు వచ్చాక, రెండు మూడు రోజుల తర్వాత రెప్ప కట్టే సర్జన్లు ఉన్నారు. ఇంటివాళ్లకి అది 'సగం చేసి వదిలేశారు' అనిపిస్తుంది. కాదు, అదే సరైన పద్ధతి. అంచుల్లో జబ్బు ఉండగా కట్టిన రెప్పని తర్వాత విప్పాల్సి వస్తే, కట్టడానికి వాడిన పక్క చర్మం కూడా పోతుంది.

పైపొరలో కొద్దిగా మిగిలిన చోట క్రయో, అంటే గడ్డకట్టించే చికిత్స, ఫ్రీజ్ చేసి కరిగించి మళ్లీ ఫ్రీజ్ చేస్తారు.

తీసేసిన రెప్పని ఎలా కడతారు?

పోయిన భాగం ఎంతో దాన్ని బట్టి. పావు నుంచి మూడో వంతు దాకా పోతే రెండంచుల్నీ దగ్గరికి లాగి కుట్టేస్తారు. పెద్ద వయసులో చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ పోయినా కుట్టొచ్చు. సగం దాకా పోతే కణత వైపు చర్మాన్ని అర్ధచంద్రంలా కోసి లోపలికి జరుపుతారు, టెంజెల్ ఫ్లాప్ అంటారు.

పై రెప్ప సగానికి మించి పోతే కట్లర్-బియర్డ్ పద్ధతి. కింది రెప్ప అంచుకి నాలుగైదు మిల్లీమీటర్ల కింద అడ్డంగా కోసి, ఆ కణజాలాన్ని అంచు కింద నుంచి పైకి తెచ్చి పై రెప్ప చోట కుడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కన్ను మూసే ఉంటుంది, తర్వాత రెండో ఆపరేషన్‌లో తెరుస్తారు. రెండో కంటికి చూపు లేనివాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది, వేరే పద్ధతి ఆలోచించాలి. కాబట్టి ముందే చెప్పండి. కింది రెప్పకి ఇలాంటిదే హ్యూస్ పద్ధతి: పై రెప్ప పలకలో కొంత దించుతారు, పైన కనీసం 4 మిల్లీమీటర్ల పలక వదలాలి, లేకపోతే పై రెప్ప ముడుచుకుపోతుంది. పేజిటాయిడ్ వ్యాప్తి ఉన్నప్పుడు ఎదుటి రెప్ప నుంచి కణజాలం తెచ్చే ముందు అక్కడ జబ్బు లేదని మ్యాప్ చెప్పి ఉండాలి.

కొత్త రెప్పకి వెంట్రుకలు రావు.

కన్ను మొత్తం తీసేస్తారా?

జబ్బు కంటి గూట్లోకి దిగితే, లేదా పొర అంతా విస్తరించి వేరే దారి లేకపోతే, కనుగుడ్డుతో సహా గూడు ఖాళీ చేసే ఎక్సెంటరేషన్ చేస్తారు. ముందుగా వచ్చినవాళ్లలో చాలామందికి ఆ అవసరం రాదు. మరీ పెద్ద గడ్డలకి ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, కన్ను నిలబెట్టే ప్రయత్నం కొన్ని చోట్ల చేస్తున్నారు.

మైటోమైసిన్ చుక్కలతోనే తగ్గదా?

గడ్డకి పనికిరాదు. గడ్డ తీశాక పైపొరలో మిగిలిన కణాలకి మాత్రమే. 0.02 లేదా 0.04 శాతం చుక్కలు రోజుకి నాలుగుసార్లు, ఒక వారం వేసి ఆపుతారు, కన్ను కోలుకున్నాక మళ్లీ ఇంకో విడత. కన్నీటి రంధ్రాలకి చిన్న బిరడాలు పెడతారు, మందు ముక్కులోకి దిగకుండా. ఎరుపు, మంట, నల్లగుడ్డు మీద గీతలు వస్తాయి. విడత మధ్యలో ఆపమన్న వారాలు తప్పక ఆపాలి, త్వరగా తగ్గుతుందని వరుసగా వేస్తే నల్లగుడ్డు అంచులోని మూలకణాలు దెబ్బతింటాయి.

ఇది కీమో మందు. ఫ్రిజ్‌లో వేరే డబ్బాలో, పిల్లలకి అందకుండా పెట్టండి. వేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, గర్భిణులు ముట్టుకోకూడదు. సీసా మీది గడువు దాటితే వాడొద్దు.

కరెంటు పెట్టించుకుంటే ఆపరేషన్ తప్పుతుందా?

సెబేషియస్‌కి మొదటి చికిత్స ఆపరేషనే. ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకి, లింఫ్ గడ్డల్లోకి పాకినప్పుడు, నరాల వెంట పాకిందని రిపోర్టు వచ్చినప్పుడు రేడియేషన్ ఇస్తారు. సాధారణంగా 50 నుంచి 66 గ్రే, ఐదారు వారాలు. తర్వాత కన్ను పొడిబారడం, శుక్లం రావడం మామూలే.

మెర్కెల్ సెల్‌లో కథ వేరు. అది ఎర్ర ఊదా రంగులో, నొప్పి లేకుండా, వారాల్లోనే పెరుగుతుంది. దానికి కారణమైన వైరస్‌ని 2008లో కనుగొన్నారు. రేడియేషన్‌కి బాగా లొంగుతుంది, అందుకే ఆపరేషన్ తర్వాత తరచుగా ఇస్తారు. శరీరంలో పాకిన మెర్కెల్‌కి అవెలుమాబ్‌ని అమెరికా 2017లో అనుమతించింది. ఇలాంటి ఇమ్యునోథెరపీ మందుల ఖరీదు ఎక్కువ.

చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి? ఏం పట్టుకెళ్లాలి?

ఆక్యులోప్లాస్టీ (రెప్పల సర్జరీ) లేదా ఆక్యులర్ ఆంకాలజీ (కంటి క్యాన్సర్) విభాగం ఉన్న చోటికి. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ కంటి ఆస్పత్రి 1819లో మొదలైంది. సెంట్రల్‌లో దిగితే పార్క్ స్టేషన్ నుంచి లోకల్ రైలులోనో, మెట్రోలోనో ఒక్క స్టేషనే. నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డు మీద శంకర నేత్రాలయ ఉంది. రేడియేషన్, కీమో అవసరమైతే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి వంటివి. కన్ను ఒకచోట, క్యాన్సర్ వైద్యం ఒకచోట అయితే ఇద్దరి కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టుకోండి.

పాత రిపోర్టులు, బ్లాకు, స్లైడ్లు, స్కాన్ సీడీలు, వాడుతున్న మందుల చీటీ, గడ్డ మొదలైనప్పటి ఫోన్ ఫొటోలు ఉంటే అవీ. పాత ఫొటోలు చాలా పనికొస్తాయి, పెళ్లి ఆల్బమ్‌లో రెప్పవెంట్రుకలు ఉన్నాయా లేదా అన్నది కూడా ఆధారమే.

తమిళనాడు ముఖ్యమంత్రి బీమాకి ఆ రాష్ట్రపు రేషన్ కార్డు కావాలి. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చేవాళ్లు, వెళ్లబోయే ఆస్పత్రిలో ఈ ఆపరేషన్‌కి వర్తిస్తుందా అని బయల్దేరే ముందే అడగాలి. అనుమతి రాకముందే చేయించుకుని బిల్లు తర్వాత పెడదామనుకోవద్దు.

ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం చూసుకోవాలి?

ఆయింట్‌మెంట్ చెప్పినన్నిసార్లు, తలకింద రెండు దిండ్లు, వారం రోజులు వంగి బరువులెత్తకుండా. కట్టు తడవకూడదు. నొప్పి ఒక్కసారిగా పెరిగినా, కట్టు రక్తంతో తడిసిపోయినా, కొత్త రెప్ప అంచు నల్లబడినా అదే రోజు ఫోన్ చేయండి. కట్లర్-బియర్డ్ వాళ్లు కన్ను మూసి ఉన్నన్ని వారాలూ బండి నడపొద్దు, ఒక కంటితో దూరం అంచనా తప్పుతుంది. పసరు మందులు, తల్లిపాలు, తేనె ఏవీ వేయొద్దు.

ఎన్నాళ్లు చెకప్‌కి రావాలి?

మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ప్రతిసారీ రెండు రెప్పలూ తిప్పి చూడాలి, చెవి ముందూ మెడా తడమాలి. కొన్నేళ్ల తర్వాత కూడా తిరగబెట్టడం ఉంది. రెప్ప అంచు మందమైనా, ఆ కన్ను మళ్లీ ఎర్రబడినా తారీఖు కోసం ఆగకుండా రండి. ఊళ్లోని కంటి డాక్టరుకి ఆపరేషన్ సారాంశం కాపీ ఒకటి ఇచ్చి ఉంచండి. మూడేళ్ల తర్వాత ఎర్రకన్నుతో ఆయన దగ్గరికే ముందు వెళ్తారు, ఆ కాగితం లేకపోతే చుక్కలు రాసి పంపేస్తారు.